దేశాన్ని ముంచుతున్న మామ్మగారు

దేశానికి లోటు బడ్జెట్ ఎందుకొచ్చిందో భీమవరం కాలవగట్టు మీద తేలిపోయింది. ఫైనాన్స్ కమిషన్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకునే ఈ విషయం మా టీకొట్టు బెంచీ మీద రోజూ రెండో టీ లోపే తేలుతుంది. కారణం, మా వీధి చివరి పెంకుటింటి మామ్మగారు. ఒకటో తారీఖు వస్తే చాలు, 4 వేల రూపాయల పింఛను పుచ్చుకుంటున్నారావిడ. ఇహ దేశం ఏం బాగుపడుతుంది?

ఈ తీర్పు చెప్పిన పెద్దాయన ఆషామాషీ మనిషి కాదు. రొయ్యల చెరువులున్నాయి. వాటిలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు యూనిట్ రూపాయిన్నర కరెంటు మీద తిరుగుతాయి. వరిచేలకు కాటన్ దొర పుణ్యమా అని కాలవ నీళ్లొస్తాయి, ధాన్యం డబ్బు మీద ఇన్‌కం టాక్స్ లేదు. "ఉచితాలిచ్చి జనాన్ని సోమరుల్ని చేసేశారండి" అని ఆయన బాధపడుతుంటే చేతిలో టీ చల్లారిపోతుంది. రూపాయిన్నర కరెంటు మాత్రం ఉచితం కాదు. రూపాయిన్నర కడుతున్నారు కదా.

లెక్కలు కూడా ఆయన పక్షానే ఉన్నాయి. లోటు తగ్గించుకోవాలని 2003లోనే చట్టం చేసుకున్నాం, జీడీపీలో 3 శాతానికి దిగాలని 2004లో దానికి రూల్స్ రాసుకున్నాం. 2025-26 కేంద్ర బడ్జెట్లో వేసుకున్న అంచనా 4.4. మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లయితే అందులో 12.76 లక్షల కోట్లు పాత అప్పుల వడ్డీలకే రాసిపెట్టారు. మిగిలిందంతా మామ్మగారే తినేశారని అనుమానం.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి, కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకైతే 15కి దించి, ఏటా 1.45 లక్షల కోట్లకు నీళ్లొదిలిన మాట కూడా ఉంది. మన రాష్ట్రంలో 60 లక్షల పైచిలుకు పింఛన్లకు ఏడాదికి అయ్యేది 30 వేల కోట్ల పైమాట. ఈ రెండూ పక్కపక్కన పెట్టబోతే బెంచీ చివరనున్న రిటైర్డ్ మాస్టారు అడ్డుకున్నారు. "అది కేంద్రం, ఇది రాష్ట్రం. కలపకూడదండీ!" చిత్తం. మామ్మగారికి 80 నిండలేదు కాబట్టి ఆవిడ 4 వేలల్లో కేంద్రం వాటా అక్షరాలా 200. కేంద్రం లోటులో ఆవిడ చేసిన పాపం అంతవరకే.

పన్ను విషయంలో మన డెల్టా తెలివి వేరు. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ. దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తా దిగింది. మామ్మగారు రోజూ తినేది రేషన్ బియ్యమే అయినా, మనవళ్లొచ్చినప్పుడు 5 కిలోల సన్నబియ్యం ప్యాకెట్ తెస్తారు, పన్ను కడతారు. 26 కిలోలు మోయగలిగినవాళ్లకు పన్ను లేదు.

కాబట్టి సంస్కరణలు రావలసిందే. నా ప్రతిపాదన చాలా చిన్నది: మామ్మగారికి పెట్టిన రూల్సే కంపెనీలకూ పెడదాం. పింఛనుకు ఆరంచెల పరిశీలన ఉంది. మాగాణి 3 ఎకరాలు మించిందా, కారుందా, నెలకు కరెంటు 300 యూనిట్లు దాటిందా, ఇంట్లో ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్లున్నారా... ఒక్కదానికి ఔనన్నా కట్. పన్ను రాయితీ అడిగే ఛైర్మన్‌గారినీ ఇవే అడుగుదాం.

వేలిముద్ర కూడా ఉండాలి. మామ్మగారు షెడ్డులో ఏళ్ల తరబడి రొయ్యలు ఒలిచిన మనిషి, వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. సచివాలయం అమ్మాయి పొద్దున్నే మెషీన్ పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆవిడ వేలు చీరకొంగుకి తుడిచి పెడతారు, పడదు. నూనె రాసి పెడతారు, పడదు. "బొటనవేలు గట్టిగా నొక్కండి మామ్మగారూ." పడదు. చివరికి మొహం ఫొటోకి కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఇలాగే ఒకటో తారీఖు తెల్లవారుజామున ఛైర్మన్‌గారి మేడ తలుపు కొట్టాలి. "సార్, తగ్గించిన పన్నుతో ఎంతమందికి ఉద్యోగాలిచ్చారు? వేలు పెట్టండి. పడలేదా? అయితే వచ్చే నెల చూద్దాం."

నిరుడు ఆగస్టులో, అంటే 2025లో, అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే రొయ్యల రైతులు గిలగిల్లాడారు. ప్రభుత్వం ఆదుకోవాలన్న అర్జీ మీద మొదటి సంతకం పెద్దాయనదే. ఆయన ఉచితాలకు వ్యతిరేకి కాబట్టి, అది సాయం అయ్యుంటుంది. అర్జీ సంగతి విని మామ్మగారు "పాపం, ఆయన్ని ఆదుకోవాలి నాయనా" అన్నారు. ఆవిడకి ఆర్థికశాస్త్రం తెలీదు.

నా ప్రతిపాదన పెద్దాయనకి బాగా నచ్చింది. "ఆయ్, అందరికీ ఒకటే రూల్ ఉండాలండి" అని బెంచీ మీద చరిచారు. టీ డబ్బులిచ్చి బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపారు.

"ఆ 300 యూనిట్లలో చెరువుల మీటర్లు కూడా కలుపుతారేంటండీ?"