చెరువు ఎండితే ఎండనివ్వండి, మురుగుతో మాత్రం నింపొద్దు

2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలోని బతుకమ్మకుంటలో పొక్లెయిన్లు దిగేనాటికి అక్కడ కనిపించినవి తుప్పలూ, మట్టిదిబ్బలే. కొన్ని అడుగులు తవ్వేసరికి నీళ్లు ఉబికి వచ్చాయి. మంచినీళ్ల పైపులైన్ పగిలిందేమోనని కొందరికి అనుమానం వచ్చింది. అవి భూమిలో ఊరిన నీళ్లేనని అధికారులు తేల్చి చెప్పాల్సి వచ్చింది. పాత రికార్డుల ప్రకారం 14 ఎకరాలున్న కుంటలో మిగిలింది ఐదెకరాల చిల్లర. సెప్టెంబరు చివరికల్లా ఆ ఐదెకరాలూ నిండాయి, ఆడవాళ్లు అక్కడే బతుకమ్మలు వదిలారు.

ఇంతకంటే సంతోషం ఏముంటుంది? నగరంలో చచ్చిపోయిందనుకున్న కుంట అడుగున ఊట బతికే ఉందని జనం కళ్లారా చూశారు. అయితే కుంటను తవ్వడం కొన్ని నెలల పని. ఆ తర్వాత ప్రతి ఏటా అందులోకి ఏ నీళ్లు చేరతాయి, వాటిని కనిపెట్టుకుని ఉండేది ఎవరు అన్నది తేల్చకపోతే తవ్వింది నిలవదు. మన చెరువుల బాగుచేతలో ఎప్పుడూ వదిలేస్తున్నది ఈ రెండు సంగతులనే.

నిండుగా కనిపిస్తే చెరువు బాగున్నట్టేనని నగరంలో చాలామంది నమ్మకం. మండు వేసవిలో, మేలో కూడా అంచుల దాకా నీళ్లుంటే లేక్ వ్యూ ఫ్లాట్ కొన్నవాళ్లకు ఆనందం. కానీ దక్కన్‌లో చెరువు స్వభావం అది కాదు. వానాకాలంలో నిండి మత్తడి (అలుగు) దూకాలి, కింది చెరువుకు నీళ్లు పోవాలి, ఎండాకాలానికి తగ్గిపోవాలి. తగ్గినప్పుడే రైతులు బండ్లు కట్టుకుని పూడిక మట్టిని పొలాలకు తోలుకుపోయేవాళ్లు. మళ్లీ వానలొచ్చేసరికి చెరువు కడుపులో చోటుండేది. ఏడాది పొడవునా మురుగు చేరుతున్న చెరువుకు ఆ ఖాళీ లేదు. జూన్‌లో పడే మొదటి పెద్దవానకే అది పొంగుతుంది. పొంగిన నీళ్లు పోవాల్సిన కాలువ మీద అప్పటికే ఇళ్లుంటాయి. 2020 అక్టోబరు వరదల్లో గుర్రం చెరువు, గగన్‌పహాడ్ దగ్గరి అప్ప చెరువు గండ్లు పడి ఇళ్లనూ మనుషులనూ ముంచాయి. ఒకదాని నీళ్లు ఇంకోదానికి పారే చెరువుల గొలుసుకట్టులో ఒక కొండీ తెగితే కింద ఉన్నవాళ్లందరి మీదా పడుతుందని ఆ రాత్రుళ్లు చూపించాయి.

అందుకే సుందరీకరణ పేరుతో జరిగే పనులు చూస్తే నాకు బాధేస్తుంది. చుట్టూ వాకింగ్ ట్రాక్, రెయిలింగు, రంగు లైట్లు, సెల్ఫీ పాయింటు. ట్రాక్ మీద నడుస్తూ నాలా వచ్చి కలిసే మూలకు వెళ్లండి. నల్లటి నీటి మీద తెల్లటి నురగ, ఇనుప జాలీకి వేలాడుతున్న పాలిథిన్ సంచులు, పక్కనే గుర్రపుడెక్క. అక్కడికి రాగానే నడిచేవాళ్లు ముక్కు మూసుకుని అడుగులు పెంచుతారు. డెక్కను యంత్రంతో తీయించి ఫొటోలు వేసుకుంటారు గానీ, దానికి మేత మురుగే. మురుగు ఆగనంత కాలం డెక్క కొద్దివారాల్లో మళ్లీ కమ్ముకుంటుంది.

బెంగళూరు ఈ విషయంలో మనకంటే ముందే దెబ్బతింది. బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరింది, నీటి మీదే మంటలు లేచాయి. అదే నగరంలో జక్కూరు చెరువు దగ్గర వేరే దారి పట్టారు. మురుగును శుద్ధి కేంద్రంలో శుభ్రం చేసి, తుంగ, జమ్ము పెంచిన తడినేల గుండా పారించి, ఆ తర్వాతే చెరువులోకి వదిలారు. జాలర్లు అక్కడ చేపలు పట్టుకున్నారు. అక్కడా తర్వాత ఇబ్బందులు రాలేదని కాదు, కానీ పని మొదలుపెట్టాల్సిన చోటు అదే. కైకొండ్రహళ్లి చెరువునైతే చుట్టుపక్కల కాలనీలవాళ్లే నగరపాలికతో ఒప్పందం చేసుకుని చూసుకున్నారు. పశువులకు గడ్డి కోసుకునేవాళ్లను వాళ్లు బయటికి తరమలేదు.

ఈ చివరి మాట మనకు చాలా ముఖ్యం. చెరువుతో బంధం అంటే ఉదయపు నడక ఒక్కటే కాదు. గంగపుత్రులు, ముదిరాజ్‌ల మత్స్య సొసైటీలు, బట్టలుతికే రజకులు, గేదెల కాపరులు, కట్టమైసమ్మకు బోనం తెచ్చే ఇళ్లు, వీళ్లందరికీ చెరువుతో రోజువారీ పని ఉంది. నీటి రంగు మారినా, చేప తేలినా ముందు తెలిసేది వీళ్లకే. గేటు పెట్టి, టికెట్టు పెట్టి వీళ్లను బయట నిలబెడితే చెరువుకు కాపలా పోయినట్టే. కాలనీ సంఘాల్లో చదువుకున్నవాళ్లు, ఫిర్యాదు రాయగలిగినవాళ్లు ఉన్నారు. చేపలవాళ్లూ వాళ్లూ ఒక కమిటీలో కూర్చున్నప్పుడే ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఆక్రమణల సంగతి. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువు హద్దుల గురించి నగరమంతా మాట్లాడుకుంటోంది, అది మంచిదే. మాదాపూర్ తమ్మిడికుంటలో నటుడు నాగార్జునకు చెందిన ఫంక్షన్ హాలు ఎన్ కన్వెన్షన్‌ను కూల్చినప్పుడు పెద్దవాళ్లకూ చట్టం వర్తిస్తుందన్న నమ్మకం కలిగింది. కానీ అనుమతి కాగితాలు చూసుకుని, బ్యాంకు లోను తీసుకుని కొన్న మధ్యతరగతి కుటుంబం ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) అన్న మాట మొదటిసారి వినేది నోటీసు వచ్చాకే అయితే, తప్పు ఆ కుటుంబంది కాదు, ఆ అనుమతి మీద సంతకం పెట్టిన అధికారులది. ప్రతి చెరువు హద్దునూ తుదిగా ప్రకటించి, సర్వే నంబర్లతో సహా కట్ట మీదే బోర్డు పెట్టాలి. ఆ హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్‌లోని సర్వే నంబరుకు రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే అడ్డు పడాలి.

పాత తెలంగాణ పల్లెల్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, కట్ట ఎక్కడ నీరు కారుతోందో, ఏ కాలువలో పూడిక పేరుకుందో అతనికి తెలుసు. ఊరు అతనికి పంటలో వాటా ఇచ్చేది. హైదరాబాద్ నగరపాలిక జీహెచ్‌ఎంసీ పాత జాబితాలో 185 చెరువులుండేవి. ఒక్కోదానికి ఒక నీరటిని నెల జీతం మీద పెట్టండి, స్థానిక మత్స్య సొసైటీ నుంచే తీసుకోండి. నాలా మూలలో నీటి పరీక్ష నెలనెలా చేయించి, ఫలితాన్ని కట్ట మీది బోర్డుకే అంటించమనండి. ట్రాక్ టైల్స్‌కు టెండరు పిలిచే ముందు ఈ ఖర్చు బడ్జెట్‌లో పెట్టారా అని కార్పొరేటర్‌ను అడగాల్సింది ఆ ట్రాక్ మీద నడిచే మనమే.