సవరణ: వంశపత్రం ఒక్కటే చాలదు

పెంపకందారు దగ్గర వంశపత్రం ఉంటే కుక్కపిల్లను నమ్మి కొనవచ్చని మొన్న రాశాను. అది తప్పు. ఆ పత్రం తల్లిదండ్రులెవరో చెబుతుందే తప్ప వాటి ఆరోగ్యానికి గానీ, పెంచిన తీరుకు గానీ హామీ కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో తుంటి కీలు లోపం వంశపారంపర్యంగా రావచ్చు. అందుకే తల్లికీ తండ్రికీ తీయించిన తుంటి ఎక్స్‌రే నివేదికలు అడగాలి. అన్నిటికంటే ముందు, పిల్లను అది పుట్టిన చోటే, తల్లి పక్కనే చూడాలి. తల్లి ఊరెళ్ళిందన్నట్టు జవాబు వస్తే (నాకు ఒకసారి దాదాపు అలాగే వచ్చింది!) వెనుదిరగడమే మేలు. ఫొటోలు చూసి అడ్వాన్సు పంపడం అసలే వద్దు.

మరో పొరపాటు: 6 వారాల పిల్లను తెచ్చుకోవచ్చన్నాను. కనీసం 8 వారాలు నిండాలి. అంతకుముందే తీసుకుపొమ్మని తొందరపెట్టేవారిని అనుమానించాల్సిందే.