ఎదురు ప్రశ్నలో కొట్టుకుపోతున్న ఓటు

ఫిరాయింపుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో వినిపించే జవాబు ఒకటే: ‘మేం చేసింది తప్పయితే, అప్పుడు మీరు చేసిందేమిటి?’ చిక్కేమిటంటే, ఈ ఎదురు ప్రశ్న ఎప్పుడు వేసినా అందులో అబద్ధం ఉండదు. నిలదీస్తున్న పార్టీ నిన్న అదే పని చేసి ఉంటుంది. నిలదీతకు గురవుతున్న పార్టీ నిన్నటిదాకా అదే బాధతో గవర్నర్ వద్దకు, న్యాయస్థానాలకు తిరిగి ఉంటుంది. పార్టీల మధ్య దీంతో చెల్లుకు చెల్లు అయిపోవచ్చు. ఒక గుర్తు చూసి ఓటేసి, ఏడాది తిరగకముందే తాను గెలిపించిన మనిషి మెడలో మరో పార్టీ కండువా చూడవలసివచ్చిన ఓటరుకు ఈ చెల్లు లెక్కలో ఒరిగేదేమీ లేదు. ప్రజాప్రతినిధులపై నమ్మకం సన్నగిల్లుతోందని అన్ని పార్టీల నేతలూ సభల్లో ఆవేదన చెందుతుంటారు. అది సన్నగిల్లడానికి ఫిరాయింపు ఎంత కారణమో, దాన్ని సమర్థించుకోవడానికి వాడే ఈ ఎదురు నింద కూడా అంతే కారణమని మా అభిప్రాయం.

తెలంగాణ సంగతే చూద్దాం. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ 39 స్థానాలు గెలిచింది. 2024లో వారిలో పది మంది అధికార కాంగ్రెస్ వైపు వెళ్లారని ఆ పార్టీ ఫిర్యాదు చేసింది. ఖైరతాబాద్ నుంచి బీఆర్ఎస్ గుర్తుపై నెగ్గిన దానం నాగేందర్ శాసనసభ్యత్వానికి రాజీనామా చేయకుండానే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. అనర్హత పిటిషన్లు స్పీకర్ కార్యాలయంలో కదలకపోవడంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 జులై 31న నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. గడువు దాటింది, నవంబరులో కోర్టు ధిక్కరణ నోటీసు వచ్చింది, డిసెంబరులో ఐదుగురిపై దాఖలైన పిటిషన్లను, ఫిరాయించారనడానికి ఆధారాల్లేవంటూ స్పీకర్ తోసిపుచ్చారు. స్పీకర్ తీర్పు వెలువడటానికి చాలా ముందే, 2025 మార్చిలో, ఉప ఎన్నికలేవీ రావని ముఖ్యమంత్రి నిండు సభలో చెప్పడం, దాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టడం కూడా జరిగాయి. అప్పటికి స్పీకర్ ఇంకా విచారించని వ్యాజ్యం ఫలితంపై సభానాయకుడికి అంత భరోసా ఎక్కడి నుంచి వచ్చిందని సామాన్యుడు అడిగితే తప్పు పట్టగలమా?

బీఆర్ఎస్ ఆక్రోశంలో న్యాయం ఉంది. కానీ ఆ పార్టీ అధికారంలో ఉండగా జరిగినది ఎవరూ మరిచిపోలేదు. 2014లో సనత్‌నగర్ నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబరులో కేసీఆర్ మంత్రివర్గంలో చేరారు. తెలుగుదేశం తరఫున నెగ్గిన 15 మందిలో 12 మంది 2016 నాటికి టీఆర్ఎస్‌లో (బీఆర్ఎస్ పాత పేరు) విలీనమయ్యారు. 2018లో 88 స్థానాలతో తిరుగులేని ఆధిక్యం వచ్చాక కూడా ఆకలి తీరలేదు. కాంగ్రెస్ సభ్యులు 19 మందిలో ఉత్తమ్‌కుమార్ రెడ్డి లోక్‌సభకు వెళ్లి రాజీనామా చేయడంతో 18 మంది మిగిలారు. వారిలో 12 మంది విలీనాన్ని 2019 జూన్‌లో నాటి స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి గుర్తించారు. అయిదేళ్లు తిరిగాక, 2024 జూన్‌లో, అదే పోచారం మెడలో కాంగ్రెస్ కండువా పడింది. ఇక ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. 2019లో కాంగ్రెస్‌ను ఖాళీ చేశాక ఆ కుర్చీని టీఆర్ఎస్ తన మిత్రపక్షం మజ్లిస్‌కు అప్పగించింది. 2024లో కాంగ్రెస్ దాన్ని, తమను వీడిపోయారని బీఆర్ఎస్ చెబుతున్న అరెకపూడి గాంధీకి కట్టబెట్టింది. ఎవరి తప్పును ఎవరు కాపీ కొట్టారో తేల్చడం కూడా కష్టమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క అర్థమైతే ఈ నాటకమంతా అర్థమవుతుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధానికి వచ్చిన పదో షెడ్యూలు తొలుత మూడోవంతు సభ్యులు చీలితే మినహాయింపునిచ్చింది. 2003లో 91వ సవరణ దాన్ని తొలగించి, మూడింట రెండొంతుల మంది కలిసే విలీనాన్ని మాత్రం ఉంచింది. పద్దెనిమిదిలో రెండొంతులంటే సరిగ్గా పన్నెండు. అందుకే 2019లో పన్నెండో సభ్యుడు దొరికేదాకా ఆగి, దొరకగానే విలీనం ప్రకటించారు. ముప్పైతొమ్మిదిలో రెండొంతులంటే ఇరవై ఆరు. పది మందితో విలీనం కుదరదు కాబట్టి ఇప్పుడు ‘మేం పార్టీ మారనే లేదు, నియోజకవర్గ పనుల మీద ముఖ్యమంత్రిని కలిశాం, కప్పింది పార్టీ కండువా కాదు’ అన్న వాదం పుట్టుకొచ్చింది. పార్టీకి లాంఛనంగా రాజీనామా చేయకపోయినా, నడవడికను బట్టి సభ్యత్వం వదులుకున్నట్టు భావించవచ్చని 1994లోనే రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మూడు దశాబ్దాలైనా మన శాసనసభల గడప దాటి లోపలికి రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌ది ఇంతకన్నా గొప్ప కథేమీ కాదు. 2014లో 67 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశం గూటికి చేరారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు ఏకంగా మంత్రులయ్యారు. (హైదరాబాద్‌లో తలసానితో, అమరావతిలో ఈ నలుగురితో ప్రమాణం చేయించిన గవర్నర్ ఒకరే, రెండు రాష్ట్రాలకూ ఆయనే కాబట్టి.) దీనిపై నిరసనగా సభనే బహిష్కరించిన జగన్మోహన్ రెడ్డి, 2019లో 151 స్థానాలతో ముఖ్యమంత్రి అయ్యాక, తమ పార్టీలోకి రావాలంటే పదవికి రాజీనామా చేసి రావాల్సిందేనని సభలోనే ప్రకటించారు. ఆ మాటకు అందరూ హర్షించారు. తర్వాత జరిగిందేమిటంటే, నలుగురు తెలుగుదేశం సభ్యులు లాంఛనంగా చేరకుండానే అధికారపక్షం పక్కన కూర్చున్నారు. అటు వైకాపాపై తిరుగుబాటు చేసిన నలుగురు తెలుగుదేశం వైపు నడిచారు. ఈ ఎనిమిది మందిపైనా స్పీకర్ వేటు వేసింది 2024 ఫిబ్రవరి చివర్లో, అంటే పోలింగ్‌కు మూడు నెలలు కూడా లేని వేళ. విశాఖ ఉక్కు కోసమంటూ 2021లో గంటా శ్రీనివాసరావు ఇచ్చిన రాజీనామా లేఖకు కూడా 2024 జనవరిలోనే, రాజ్యసభ ఎన్నికల ముంగిట, మోక్షం కలిగింది.

స్పీకర్లకు నిర్ణయించడం చేతకాక కాదు; ఎప్పుడు నిర్ణయించాలో వారికి బాగా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 డిసెంబరు నాటి అవిశ్వాస తీర్మానంపై విప్ (ఓటింగ్‌పై పార్టీ ఆదేశం) ధిక్కరించిన కాంగ్రెస్ సభ్యులపై 2012 మార్చిలో వేటు పడితే, జూన్‌లో 18 స్థానాలకు ఉప ఎన్నికలు వచ్చాయి. వైకాపా 15 గెలుచుకుంది. ఆ దెబ్బ తిన్నాక, 2013 మార్చిలో విప్ ధిక్కరించిన వారి విషయంలో జూన్ దాకా ఆగారు. అప్పటికి సభ గడువు ఏడాదిలోపే మిగలడంతో చట్ట ప్రకారం ఉప ఎన్నికల అవసరమే లేకుండాపోయింది. పదో షెడ్యూలు అనర్హతకు కారణాలు చెప్పింది గాని, తీర్పుకు గడువు చెప్పలేదు. ఆ ఖాళీలోనే అన్ని పార్టీలూ కాపురం పెట్టాయి. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో స్పీకర్‌ను ట్రైబ్యునల్‌గా పరిగణించిన సుప్రీంకోర్టు, 2020లో మణిపుర్ కేసు నాటికి, మూడు నెలలు గడువుగా సూచిస్తూ, ఈ బాధ్యతను స్వతంత్ర ట్రైబ్యునల్‌కు మార్చడంపై పార్లమెంటు ఆలోచించాలని చెప్పవలసివచ్చింది. మూడు నెలల్లో తేల్చడం అసాధ్యమేమీ కాదు: 2017లో రాజ్యసభ ఛైర్మన్‌గా వెంకయ్య నాయుడు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల వ్యవహారాన్ని ఆ వ్యవధిలోనే ముగించారు.

ఫిరాయించినవారు చెప్పే ‘నియోజకవర్గ అభివృద్ధి’ మాటను అందరూ ఎగతాళి చేస్తారు. మేం దాన్ని పూర్తిగా కొట్టిపారేయడం లేదు. ప్రతిపక్ష సభ్యుడి నియోజకవర్గంలో కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ రోజు చూస్తే విషయం తెలుస్తుంది. వేదిక మీద ఓడిపోయిన అధికారపక్ష అభ్యర్థి ‘నియోజకవర్గ ఇన్‌ఛార్జి’ హోదాలో కూర్చుంటారు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పెద్దది. తహసీల్దారు ముందుగా ఆయనకే ఫోన్ చేస్తారు. ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు ఆయన సిఫార్సు లేఖతోనే కదులుతుంది. గెలిచినాయన ప్రొటోకాల్ ఉల్లంఘన అంటూ ప్రెస్‌మీట్ పెట్టుకుంటారు. రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఇదే తంతు. సిమెంటు రోడ్డు మంజూరును, పింఛను జాబితాను ఓడిపోయినవారి చేతిలో పెట్టే పాలన నడుస్తున్నంతకాలం గోడ దూకడానికి ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. దీన్ని ఆపడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి చాలు. ఇప్పటిదాకా ఏ ముఖ్యమంత్రీ అలాంటి ఉత్తర్వు అమలయ్యేలా చూడలేదు.

పార్టీలు తీర్పు చెప్పకుండా దాటేసినప్పుడల్లా ఓటర్లు తమ తీర్పు తాము చెబుతూనే ఉన్నారు. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను గద్దె దింపినప్పుడు వీధుల్లోకి వచ్చి నెల రోజుల్లో ఆయన్ను తిరిగి కూర్చోబెట్టింది ఈ ప్రజలే. 2019లో టీఆర్ఎస్‌లో కలిసిన పన్నెండు మంది కాంగ్రెస్ సభ్యుల్లో 2023లో తిరిగి నెగ్గినవారు ఇద్దరే. ఇరవై ముగ్గురిని లాక్కున్న తెలుగుదేశానికి 2019లో దక్కినవీ ఇరవై మూడే. ఈ అంకెను వైకాపా నేతలు దేవుడి స్క్రిప్టుగా వర్ణించి మురిసిపోయారు. అయితే అయిదేళ్లకోసారి వచ్చే ఈ శిక్షను నేతలు నష్టం ఖాతాలో రాసుకుని ముందుకు సాగిపోతున్నారు. నాలుగున్నరేళ్ల పదవి ముందే అనుభవించినవారికి చివరి ఓటమి ఏపాటి?

మార్పుకు దారి కొత్తదేమీ కాదు. అనర్హత నిర్ణయాన్ని ఎన్నికల సంఘం సలహాపై రాష్ట్రపతి, గవర్నర్ తీసుకోవాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సిఫార్సు చేసింది. ఫిరాయించిన వెంటనే సభ్యత్వం దానంతటదే పోయేలా పదో షెడ్యూలును సవరిస్తామని 2024 లోక్‌సభ ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెస్ రాసింది. అది విడుదలైన తర్వాత కూడా తెలంగాణలో ఆ పార్టీలోకి చేరికలు ఆగలేదు. ఆ హామీ నిజమైనదే అయితే, లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న కాంగ్రెస్ వచ్చే సమావేశాల్లో ప్రైవేటు బిల్లుగానైనా దాన్ని ప్రవేశపెట్టవచ్చు. కేంద్ర ప్రభుత్వానికి పదహారు మంది ఎంపీలతో ఊతమిస్తున్న తెలుగుదేశం ఆ సవరణను ఎన్డీయే ముందు పెట్టవచ్చు. ఇవాళ గాయపడి ఉన్న బీఆర్ఎస్, వైకాపాలకు రాజ్యసభలో సభ్యులున్నారు. తమ హయాంలో చేసినదానికి సంజాయిషీ చెప్పుకోకపోయినా సరే, గడువును, స్వతంత్ర ట్రైబ్యునల్‌ను, తేలేదాకా మంత్రి పదవి గాని కమిటీ అధ్యక్షత గాని ఇవ్వకూడదన్న నిషేధాన్ని వారు లిఖితపూర్వకంగా కోరాలి. అధికారం మళ్లీ తమ చేతికి రాకముందే కోరాలి.