ఒకటి పక్కన ఒకటి

బాస్కెట్‌బాల్ మేటి ఆటగాళ్లలో నికోలా యోకిచ్‌ది ఎన్నో స్థానమని అడగగానే బావగారు తడుముకోకుండా "పదకొండు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. 2024-25 సీజన్‌లో ఆటకు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10.2 అసిస్టులు (తోటివాడి పాయింట్లకు దారితీసిన పాస్‌లు). సీజన్ మొత్తం మీద ట్రిపుల్ డబుల్ సగటు, అంటే ఆ మూడూ రెండంకెల్లో, నిలబెట్టుకున్న సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అంతకుముందు లేడు. అంతటివాడికి పదకొండా? అతనికంటే ముందున్న ఆ పదిమంది ఎవరో చెప్పమన్నాను.

"రస్సెల్‌తో మొదలుపెట్టు" అన్నారు.

బిల్ రస్సెల్ ఆట మానేసింది 1969లో. అయినా నాకు అనుమానం రాలేదు. ఏ సంగతినైనా పూర్వకాలం నుంచి ఎత్తుకోవడం ఆయనకు అలవాటే.

"పదమూడు సీజన్లు, పదకొండు టైటిళ్లు. నీ యోకిచ్‌కు ఎన్ని?"

"ఒకటి. 2023లో."

"చూశావా మరి!"

"టైటిళ్లే కొలత అయితే రాబర్ట్ హోరీకి ఏడున్నాయి, మైకేల్ జోర్డాన్‌కు ఆరే. హోరీ ఒక్కసారి కూడా ఆల్‌స్టార్, అంటే ఆ ఏటి మేటి జట్టులో సభ్యుడు, కాలేదు. అతన్ని తీసుకెళ్లి జోర్డాన్ నెత్తిన కూర్చోబెడతారా బావా?"

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వాదనలో చిక్కుకున్నప్పుడే ఆ అద్దాలకు దుమ్ము పడుతుంది. తిరిగి పెట్టుకుని, "సరే, అంకెలే చూద్దాం. 1961-62లో రస్సెల్ ప్రత్యర్థి విల్ట్ చాంబర్లిన్ సగటు 50.4 పాయింట్లు. ఆ సీజన్ మేటి ఆటగాడి బిరుదు, ఎంవీపీ, మాత్రం రస్సెల్‌కే. ఓట్లేసింది ఎవరనుకున్నావు? వాళ్లతో ఆడినవాళ్లే! పోనీ, రస్సెల్ ఎన్ని షాట్లు అడ్డుకున్నాడో చెప్పు" అన్నారు.

చెప్పలేను. లీగ్ బ్లాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74లో. లెక్క లేని అంకెను ఎంతైనా అనుకోవచ్చు. బావగారు చాలానే అనుకున్నట్టు ముఖం చూస్తేనే తెలిసింది.

నోటిమాటతో తేలదని కాగితం తీసి యోకిచ్ పేరు పక్కన "1" వేశాను. బావగారు పెన్ను లాక్కుని, నేను వేసినదాన్ని కొట్టేయకుండానే పక్కన ఇంకో "1" చేర్చారు. ఇంత సులువుగా నన్ను ఓడించినవారు మరొకరు లేరు.

2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేచోట, యోకిచ్‌ను 41వ వాడిగా ఎంచుకుంటున్నప్పుడు టీవీలో వ్యాపార ప్రకటన నడుస్తోందనీ, అంత కింది నుంచి వచ్చి 2021, 2022, 2024లలో ఎంవీపీ అయ్యాడనీ గుర్తు చేశాను. ఆయన కాస్త మెత్తబడి ఒక మెట్టు దిగారు.

"పదో స్థానం ఇప్పుడున్నవాడికీ యోకిచ్‌కూ కలిపి ఇద్దాం. తప్పేముంది? లీగ్ 75 ఏళ్ల పండుగకు 75 మంది మేటి ఆటగాళ్లను ఎంచబోయి, చివరి స్థానానికి ఓట్లు సమానమయ్యాయని 76 మందిని ప్రకటించలేదూ?"

"కింది స్థానాలు ఎందరికైనా పంచండి బావా, నాకు పైది కావాలి" అన్నాను. ఇద్దరి గొంతులూ పెరిగాయి.

అక్క వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. "నువ్వు ఇప్పుడు ఆడుతున్నవాళ్ల గురించి అంటున్నావు. ఈయనేమో లీగ్ పుట్టినప్పటి నుంచి ఆడినవాళ్లందరినీ కలిపి చెబుతున్నారు. మీరిద్దరూ పోట్లాడుకుంటున్నది ఒకే జాబితా గురించేనా?"

బావగారు నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరం నవ్వేశాం. అలాగైతే తగవే లేదు. ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో యోకిచ్‌ది ఎన్నో స్థానమో ఆయన నోటితో ఒక్క మాట అనేస్తే, ఎవరి జాబితా వాళ్లు దాచుకోవచ్చు.

"రెండు" అన్నారు బావగారు.

అక్క పెన్ను కూడా తీసుకుని వెళ్లిపోయింది.