మూడు రోజుల శిక్షణతో కౌమార వైద్యం వస్తుందా?

అల్పాదాయ దేశాల్లోని అనేక ఆరోగ్య కేంద్రాల్లో చాలాకాలం పాటు రోగుల వయసును రిజిస్టర్లలో రెండే గళ్లలో నమోదు చేశారు: ఐదేళ్ల లోపువారు, ఐదేళ్లు దాటినవారు. ఆ లెక్కన పదమూడేళ్ల బాలికా, యాభై ఏళ్ల పురుషుడూ ఒకే గడిలో పడతారు. వైద్య, నర్సింగ్ చదువులు కూడా ఇంచుమించు అదే తీరున, ఒక పక్క శిశువులు, మరో పక్క గర్భిణులు, పెద్దలు అన్న విభజనతోనే సాగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా గుర్తించే 10 నుంచి 19 ఏళ్ల వయసువారు ప్రపంచ జనాభాలో సుమారు ఆరో వంతు. వారిలో అత్యధికులు అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. అయినా పాఠ్య ప్రణాళికల్లో వారికంటూ చోటు దొరకడం అరుదు.

సంపన్న దేశాలు ఈ లోటును నిపుణులతో పూడ్చుకున్నాయి. అమెరికాలోని బోస్టన్‌లో కౌమారుల కోసం ప్రత్యేక వైద్య విభాగం 1951లో మొదలైతే, ఆ దేశంలో కౌమార వైద్య నిపుణులుగా వైద్యులకు గుర్తింపునిచ్చే తొలి బోర్డు పరీక్ష జరిగింది 1994లో. పది వేల జనాభాకు ఒక వైద్యుడైనా లేని దేశాలు ఆ దారిన నడవలేవు, నడవనవసరమూ లేదు. అక్కడ కౌమారులకు ముందుగా ఎదురయ్యేది నర్సు, మిడ్‌వైఫ్ లేదా ఆరోగ్య కార్యకర్త. శిక్షణ వారికే ఇవ్వాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. చిక్కంతా ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న దగ్గరే వస్తోంది.

ఇప్పటికి ఎక్కువగా కనిపిస్తున్న నమూనా స్వల్పకాలిక శిక్షణ శిబిరం. సిబ్బందిని మూడు రోజులో, ఐదు రోజులో పట్టణానికి పిలిపించి, స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ చేతికిచ్చి పంపుతారు. శిక్షణకు నిధులిచ్చే దాతలకు హాజరు సంఖ్య దక్కుతుంది, వచ్చినవారికి భత్యం దక్కుతుంది. కౌమారులకు ఏం దక్కిందో అడిగేవారు తక్కువ. శిక్షణ ఒక్కటే ఇస్తే సిబ్బంది పనితీరులో మార్పు పరిమితంగానే ఉంటుందని, దానికి క్రమం తప్పని పర్యవేక్షణ తోడైనప్పుడు మెరుగైన ఫలితం వస్తుందని పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలు చెబుతున్నాయి. పైగా శిక్షణ పొందిన నర్సు ఆరు నెలలకే బదిలీ అయితే, ఆ కేంద్రం మళ్లీ మొదటికొస్తుంది.

కౌమార వైద్యంలో కొరవడినది ప్రధానంగా సమాచారం కాదన్నది నా అభిప్రాయం. రక్తహీనతకు ఐరన్ మాత్రలు ఇవ్వాలని నర్సుకు తెలుసు. తల్లి పక్కన కూర్చుని ఉండగా పదిహేనేళ్ల అమ్మాయి కడుపునొప్పి అంటే, తల్లి మనసు నొప్పించకుండా ఆమెను కాసేపు బయట కూర్చోమని చెప్పి, అమ్మాయితో ఒంటరిగా ఎలా మాట్లాడాలో నర్సుకు ఎవరూ నేర్పలేదు. ఇందుకోసం హెడ్స్ (HEADSS, అడిగే అంశాల ఆంగ్ల పేర్ల తొలి అక్షరాలు) అనే ప్రశ్నల పద్ధతి కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఇల్లు, చదువు, వ్యాపకాలతో మొదలుపెట్టి, మత్తు పదార్థాలు, లైంగిక విషయాలు, ఆత్మహత్య ఆలోచనల వరకు, సులువైన ప్రశ్న నుంచి కష్టమైన ప్రశ్నకు మెల్లగా వెళ్లడమే అందులోని కిటుకు. మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయి కనుక, ఆ చివరి ప్రశ్న దాకా వెళ్లలేని సంభాషణ అసలు విషయాన్ని వదిలేసినట్టే. అయితే ఈ క్రమాన్ని కంఠస్థం చేయడం వేరు, ఎదుటివారి మౌనాన్ని భరిస్తూ అడగగలగడం వేరు. రెండోది ఉపన్యాసంతో రాదు. అనుభవజ్ఞుల ఎదుట పదిసార్లు చేసి, తప్పులు దిద్దించుకుంటేనే వస్తుంది.

గోప్యత సంగతి మరింత జటిలం. దక్షిణాఫ్రికాలో 2005 నాటి బాలల చట్టం ప్రకారం 12 ఏళ్లు నిండి, తగిన పరిణతి ఉన్నవారు వైద్యానికి స్వయంగా సమ్మతి ఇవ్వవచ్చు. అనేక దేశాల్లో 18 ఏళ్ల దాకా తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చే ముందు, ఏ సందర్భంలో ఆ మాట నిలబెట్టుకోలేరో సిబ్బందికి కచ్చితంగా తెలిసి ఉండాలి, దాన్ని ముందే రోగికి చెప్పాలి. సొంత నమ్మకాల అడ్డంకీ ఉంది. గర్భనిరోధకం కోసం వచ్చిన అవివాహితను మందలించి పంపే నర్సు తాను తప్పు చేస్తున్నాననుకోదు, మేలు చేస్తున్నాననే అనుకుంటుంది. ఆమెను నిందించే శిక్షణ కన్నా, ఆ అమ్మాయి స్థానంలో కూర్చోబెట్టి అభినయింపజేసే శిక్షణ ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రాథమిక స్థాయి సిబ్బందికి ఉండాల్సిన సామర్థ్యాలను నిర్వచించింది. ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ కార్యక్రమమైన యూఎన్ ఎయిడ్స్‌తో కలిసి అదే ఏడాది ప్రకటించిన ఎనిమిది నాణ్యతా ప్రమాణాల్లో సిబ్బంది సామర్థ్యం ఒకటి, వయసువారీ సమాచార సేకరణ మరొకటి. పత్రాల కొరత లేదు. కావలసింది ఆ సామర్థ్యాలను ఉద్యోగంలో చేరాక అంటించే అదనపు పాఠంగా కాక, నర్సింగ్, మిడ్‌వైఫరీ చదువులోనే చేర్చి, రాత పరీక్షతో పాటు ప్రయోగ పరీక్షలోనూ అడగడం: కౌమారుల పాత్ర పోషించే వ్యక్తి ఎదురుగా కూర్చుంటే విద్యార్థి ఎలా మాట్లాడిందో చూసి మార్కులు వేయడం. అలా మార్కులు వేయాల్సిన అధ్యాపకులలో చాలామంది స్వయంగా ఈ పాఠం చదువుకోనివారే. అందుకే మొదటి విడత శిక్షణ నిధులు ఆరోగ్య కేంద్రాలకన్నా ముందు నర్సింగ్ పాఠశాలల అధ్యాపకులకు చేరాలి. హాజరు సంఖ్య చిన్నదిగా కనిపించే ఆ ఖర్చుకు ఒప్పుకునే దాతను వెతకడమే ఇందులో కష్టమైన పని.