రెండు వేళ్ల కత్తెర

గుణుపురం నుంచి విశాఖపట్నం వెళ్లే పాసింజరు బండిలో ఈమధ్య నా ఎదుటి బల్ల మీద ఒక మామ్మగారు, పదేళ్ల మనవడు కూర్చున్నారు. ఆన్‌లైన్ పాఠాల రోజుల్లో కొన్న టాబ్‌ను కుర్రవాడు మంచినీళ్ల సీసాకు ఆనించి పాత తెలుగు సినిమా ఒకటి పెట్టాడు. బొమ్మకు పైనా కిందా నల్లపట్టీలు కనబడగానే రెండు వేళ్లు తెర మీద పెట్టి విడదీశాడు. పట్టీలు మాయమై తెర నిండింది. బండి పర్లాకిమిడి దాటే వేళకు పంచాయితీ ఘట్టం వచ్చింది. రచ్చబండకు ఆ చివర తండ్రి, ఈ చివర కొడుకు. తండ్రి గొంతు వినబడుతోంది గాని మనిషి లేడు; మోచెయ్యి ఒక్కటి అప్పుడప్పుడు అంచు మీదికి వచ్చి పోతోంది. "ఎవులతోటిరా మాటాడతన్నాడు?" అని మామ్మగారు అడిగారు. "ఆళ్ల నాన్నతోటి" అన్నాడు మనవడు, కథ ముందే తెలిసిన ధీమాతో.

ఆ తండ్రిని తెర మీంచి గెంటేసిన నేరం పదేళ్ల పిల్లవాడిది కాదు. తెరలో ఒక్క అంగుళం నల్లగా మిగిలినా డబ్బు దండగైనట్టు భావించే అలవాటు మనందరికీ ఉంది, యాప్‌లు ఆ అలవాటుకే వంత పాడుతున్నాయి. నా మాట సూటిగా చెబుతాను: వెడల్పు తెర కోసం తీసిన సినిమాను చేతిలోని తెర మీద చూడవలసింది నల్లపట్టీలతోనే. పట్టీ ఉన్నచోట సినిమా మొత్తం ఉంటుంది. తెర నిండినచోట సినిమాలో కొంత తెగిపోయి ఉంటుంది.

ఎంత తెగుతుందో లెక్క వేసుకోవచ్చు. స్కోప్ సినిమా (సినిమాస్కోప్, అంటే వెడల్పు తెర సినిమా) వెడల్పు దాని ఎత్తుకు 2.39 రెట్లు. ఆ టాబ్ తెర 16:10, అంటే 1.6 రెట్లు. తెర నిండేదాకా బొమ్మను పెంచితే చెరో పక్క ఆరో వంతు చొప్పున మొత్తం మూడో వంతు బయటికి పోతుంది. అదే ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఉన్న పొడుగాటి ఫోన్ల సంగతి వేరు. 6.5 అంగుళాల 20:9 ఫోనును అడ్డంగా పట్టుకుంటే వెడల్పు దాదాపు 6 అంగుళాలు, ఎత్తు 2.7 అంగుళాలు. స్కోప్ బొమ్మ ఆ వెడల్పునంతా ఆక్రమించుకుని 2.5 అంగుళాల ఎత్తు తీసుకుంటుంది. పైన రెండున్నర మిల్లీమీటర్లు, కింద రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే నలుపు. చొక్కా గుండీ మందమంత గీత కోసం బొమ్మ పక్కలు కోసుకుంటున్నాం.

అయితే ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. యూట్యూబ్‌లో దొరికే పాత తెలుగు సినిమాలు చాలావాటిని 16:9 చట్రంలో, నల్లపట్టీలను బొమ్మతోపాటే అచ్చు వేసి ఎక్కించారు. పొడుగాటి ఫోనులో అవి నాలుగు వైపులా నలుపుతో, నడుమ తపాలా బిళ్లలా కనబడతాయి. అక్కడ వేళ్లతో పెంచితే తప్పు లేదు, పోయేది ఆ అచ్చు పట్టీలే. కాని అలా పెంచడం అలవాటైన వేలు తర్వాత 16:9లోనే తీసిన ధారావాహిక మీద కూడా అదే పని చేస్తుంది. అప్పుడు ఎత్తులో ఐదో వంతు పోయి, నిలబడ్డ ప్రతి మనిషికీ నుదురు ఎగిరిపోతుంది.

చిన్న తెర మీద మొహాలు చీమల్లా ఉంటాయి, ముసలివాళ్లకు ఆనవు, ఎవరి ఫోను వారిష్టం అనే వాదన ఉంది. ఇష్టాన్ని నేను కాదనలేను. చీమల సంగతి మాత్రం కొలిచి చూడవలసిందే. అడుగు దూరంలో పట్టుకున్న 6 అంగుళాల బొమ్మ, ఎనిమిది అడుగుల దూరంలో గోడకు వేలాడే 43 అంగుళాల టీవీ కన్నా మన కంటికి ఎక్కువ వెడల్పుగా ఆనుతుంది. టీవీలో పట్టీలను భరించే మనిషి ఫోనులో భరించలేకపోవడానికి కారణం చూపు కాదు, వేలికి పని దొరకడం.

ఈ కోత కొత్తదేమీ కాదు. టీవీ ఇళ్లలోకి వచ్చి హాళ్లను ఖాళీ చేస్తోందన్న భయంతోనే 1953లో హాలీవుడ్ సినిమాస్కోప్‌ను దింపింది. మన తెలుగులో ఆ వెడల్పు 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. కెమెరా పట్టినవారు వి.ఎస్.ఆర్. స్వామి. సినిమాస్కోప్ కెమెరా కటకం (లెన్సు) బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పెడుతుంది, హాలులో ప్రొజెక్టరు కటకం దాన్ని మళ్లీ విప్పుతుంది. మా ఊరి హాలులో ఆపరేటరు న్యూస్‌రీలు అయ్యాక కటకం మార్చడం మరిచిపోయిన రోజున హీరో తాటిచెట్టులా సన్నగా సాగి నిలబడేవాడు, నేల టిక్కెట్ల వైపు నుంచి ఈలలు లేచేవి. కటకం మారేది, తెరకు రెండు పక్కలా ఉన్న నల్లగుడ్డ తెరుచుకునేది, ఆ తెరుచుకోవడానికే చప్పట్లు పడేవి. ఆనాడు బొమ్మను బట్టి గుడ్డ జరిగేది. కేబుల్ టీవీ వచ్చాక పెట్టెను బట్టి బొమ్మను కోశారు: 4:3 చట్రంలో నింపడానికి స్కోప్ బొమ్మలో నూటికి 44 వంతులు పారేసి, యుగళగీతంలో రెండు ముక్కులను, నడుమ ఒక పూలకుండీని మిగిల్చారు.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది ఇంట్లో జరిగే కోత కన్నా లొకేషనులో జరుగుతున్న కోత. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ రెండూ మన దేశంలో తలుపు తెరిచాయి. నిలువు ముక్క, 9:16. స్కోప్ బొమ్మలోంచి నిలువు ముక్క కోస్తే వెడల్పులో దక్కేది నాలుగో వంతు కన్నా తక్కువ. సినిమా ప్రచారమంతా ఆ ముక్కల మీదే నడుస్తున్నప్పుడు, తీసేవాడు ఆ ముక్కను దృష్టిలో పెట్టుకునే తీస్తాడు. హీరో నట్టనడుమ నిలబడతాడు, మాట్లాడేవాడు నట్టనడుమకే వచ్చి మాట్లాడతాడు, పక్కలు పొగతోనో గుంపుతోనో పొలాలతోనో నిండుతాయి. పేరుకు వెడల్పు సినిమా, తీరుకు నిలువు సినిమా. తండ్రీకొడుకుల మధ్య ఉన్న ఎడాన్ని రచ్చబండ పొడుగుతో చెప్పగలిగిన కళ, ఇద్దరినీ భుజాలు రాసుకునేలా నిలబెట్టి, ఆ ఎడాన్ని సంభాషణలతో చెప్పవలసిన స్థితికి వచ్చింది. పాత సినిమాలో పోయింది చట్రాన్ని వెనక్కి లాగితే తిరిగి వస్తుంది. అసలు తీయనిదాన్ని ఏ వేలూ వెనక్కి తేలేదు.

ఇది హైదరాబాదులో కూర్చున్నవారికి సౌందర్య చర్చగా కనిపించవచ్చు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఉన్న మాకు ఇది అక్షరాల సంగతి కూడా. మా ఇళ్లలో మాట తెలుగు, పిల్లల చదువు ఎక్కువగా ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో. గిడుగు రామమూర్తి పంతులు పనిచేసిన పర్లాకిమిడిలోనే, తెలుగు గలగలా మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు తెలుగు వాచకం అంటూ ఉంటే అది సినిమాయే. పేర్లు పడేటప్పుడు వెడల్పు తెర నిండా పరుచుకునే అక్షరాలు, బస్సు నుదుటి మీద ఊరి పేరు, కిరాణా కొట్టు బోర్డు, పోలీసు స్టేషను గోడ మీది రాత. మా పక్కింటి ఏడో తరగతి అమ్మాయి "ళ" అక్షరాన్ని పట్టుకున్నది సినిమాలో ఒక పెళ్లిపందిరి మీది రాతలో, మరుసటి రోజు గేటు దగ్గర నన్ను ఆపి, మట్టిలో పుల్లతో గీసి, "ఇదే గదండి తాతా, పెళ్లిలో ళ?" అని సరిచూసుకుంది.

ఈ రాతలన్నీ ఎక్కడుంటాయో గమనించండి. బోర్డులు, పందిళ్లు, గోడలు చట్రం పక్కల్లోనే ఉంటాయి, నడుమ మనుషులుంటారు కనుక. తెర నింపే వేలు మొదట కోసేది వాటినే. "గ్రామ పంచాయతీ కార్యాలయం" "మ పంచాయతీ కార్యాల" అవుతుంది, కొత్తగా అక్షరం కూడబలుక్కునే పిల్ల అక్కడ తికమకపడి వదిలేస్తుంది. సినిమా పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో వేసుకుంటున్న ఈ కాలపు నిర్మాతలకు దీని గురించి చెప్పినా చెవికెక్కుతుందన్న ఆశ నాకు లేదు. అందుకే పాత సినిమాల గురించి మాట్లాడుతున్నాను.

పాత సినిమాల హక్కులు కొని యూట్యూబ్‌లో పెట్టేవారిని అడిగేది చిన్న పని. అచ్చు పట్టీలను తీసేసి, బొమ్మను దాని అసలు కొలతలోనే ఎక్కించండి. ఏ తెర మీద ఎంత నలుపు కావాలో పరికరమే చూసుకుంటుంది, పొడుగాటి ఫోనులో తపాలా బిళ్ల బెడద కూడా తీరుతుంది. పేర్లు పడే భాగాన్ని "స్కిప్" మీటతో దాటించడం, తమ గుర్తును దాని మీద అతికించడం మానండి. యాప్‌లు చేసేవారు తెర నింపే సౌకర్యాన్ని ఉంచుకోవచ్చు, కాని ఒక సినిమాకు నింపితే తర్వాతి సినిమాకు కూడా అదే అమరికను అంటగట్టకుండా, ప్రతిసారీ పూర్తి బొమ్మతోనే మొదలుపెట్టాలి.

బండి టెక్కలిలో ఆగినప్పుడు నేను ఆ కుర్రవాడిని అడిగి టాబ్ తీసుకుని, రెండు వేళ్లు దగ్గరికి జరిపాను. తండ్రి అరుగు మీద ప్రత్యక్షమయ్యాడు. మామ్మగారు కళ్లద్దాలు సవరించుకుని, "ఈడా? ఈడు సచ్చిపోనేదేటి?" అన్నారు.