అందరినీ పిలవడానికి ‘గైస్’ చాలదు

వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బెంగళూరు ఆఫీసుల్లో ఎక్కడ విన్నా ‘హాయ్ గైస్’. ఎదురుగా సగంమంది ఆడవాళ్లున్నా అదే పిలుపు. కడప నుంచో వరంగల్ నుంచో వచ్చి చేరిన మన పిల్లలు మొదటి వారంలోనే దాన్ని పట్టేస్తారు. వదిలించుకోవాల్సిన మాట అది.

1605లో ఇంగ్లండ్ పార్లమెంటును మందుగుండుతో పేల్చబోయి దొరికిపోయినవాడు గై ఫాక్స్. ఏటా నవంబర్ 5న తగలబెట్టే అతని దిష్టిబొమ్మను ‘గై’ అన్నారు. పోనుపోను చింకి బట్టలవాడు ‘గై’ అయ్యాడు, అమెరికా చేరాక ఏ మగవాడైనా ‘గై’యే. ఇంగ్లీషులో ‘యూ’ ఒకరికీ పదిమందికీ ఒకటే కాబట్టి, ఆ లోటు పూడ్చుకోవడానికి అక్కడి దక్షిణాదివాళ్లు ‘యూ ఆల్’ను కుదించి ‘యాల్’ అన్నారు, తక్కినవాళ్లలో చాలామంది ‘యూ గైస్’ అన్నారు.

పిలుపులో అది ఆడామగా అందరికీ వర్తిస్తుందని, డిక్షనరీలూ ఒప్పుకున్నాయని అంటారు. నిజమే, మన ఇళ్లలో కూతుర్నీ ‘ఏరా’ అంటాం. అది చనువున్న చోట. ‘మీ టీమ్‌లో గైస్ ఎంతమంది?’ అని అడిగి చూడండి, మగవాళ్లనే లెక్కపెట్టి చెబుతారు. పిలుపులో ఉన్న ఆడవాళ్లు లెక్కలో లేరు!

మరేం అనాలి? మెయిల్‌లో ‘హాయ్ ఆల్’ చాలు. ‘డియర్ ఆల్’ సర్క్యులర్‌లా బిగుసుకుంటుంది. నోటితో అనేటప్పుడు ‘ఆల్’ సరిగా వినబడదు, ‘హాయ్ ఎవ్రీవన్’ నయం. ‘హాయ్ టీమ్’ సొంత టీమ్‌కే. మెయిల్ సీసీలో క్లయింటో వెండరో ఉంటే వాళ్లను గుమ్మం బయట నిలబెట్టినట్టే. ‘ఫోక్స్’ సరదా కబురుకు బాగుంటుంది, అప్రైజల్ వాయిదా పడిందని చెప్పే మెయిల్‌కు పనికిరాదు. ఇద్దరు ముగ్గురే అయితే పేర్లు రాయండి. అయిదుగురు దాటితే వద్దు, ఎవరి పేరు ముందనే పేచీ వస్తుంది, ఒక పేరు జారిపోతే ఇంకా చేటు. అసలు చిక్కు మొదటి వాక్యంలో కాదు, మీటింగ్ మధ్యలో వస్తుంది. ‘ఓకే గైస్, నెక్స్ట్’ అంటూ పాత అలవాటు దూరుతుంది. అక్కడ పిలుపే అక్కర్లేదు, ‘నెక్స్ట్’ చాలు.

ఈ అవస్థ ఇంగ్లీషుది. మనకెందుకు? ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని ఒక్కరి దగ్గర తేడా చూపే తెలుగు, పదిమంది దగ్గరికొచ్చేసరికి అందరినీ ‘వచ్చారు’లో కలిపేసింది. పక్కింటి కన్నడంలో ‘ఎల్లరిగూ నమస్కార’, తమిళంలో ‘ఎల్లారుక్కుం వణక్కం’. ఆడా మగా తగువే లేదు. అయినా బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉగాది సంబరానికి మైకు పట్టిన కుర్రాడు, ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలను చూస్తూ ‘హాయ్ గైస్’ అంటాడు. వాళ్లంతా తెలుగువాళ్లే. వచ్చే ఉగాదికి మైకు చేతికిచ్చే ముందు, వాడి చేత ‘అందరికీ నమస్కారం’ అని రెండుసార్లు అనిపించండి.